గాంధారసింహం నోరు తెరిచిన వేళ

వల్లకీపురాన్ని ఎరిగినవాళ్ళు ఆ నగరాన్ని కళ్ళతో కాదు, చెవులతో గుర్తుపట్టేవారు. తూర్పు కోటగుమ్మం మీద నాగస్వరం మోగితే తెల్లవారినట్టు. అంగడివీధిలో చిడతలూ తాళాలూ గలగలమంటే పొద్దెక్కినట్టు. అంతఃపురపు చంద్రశాలల్లో నూటపదహారు వీణలు ఒక్కసారి పలికాయంటే ఆ నాదానికి పాలరాతి స్తంభాలు పులకరించేవనీ, రాజోద్యానంలో సంపెంగలు వేళగాని వేళ విచ్చుకునేవనీ చెప్పుకునేవారు.

అటువంటి నగరం మూగబోయి ఇరవై ఆరు రోజులైంది.

చైత్రం మొదటినాడు మౌనభైరవుడనే మాంత్రికుడు గండభేరుండ పక్షి మీద వచ్చి కోటబురుజు మీద దిగాడు. చేతిలోని నల్లకోల పైకెత్తి వాద్యాలను ఒక్కొక్కదాన్నే పేరుపెట్టి, తీగల లెక్క చెప్పి శపించాడు. "ఏడు తీగల వీణా, మూగబో! నాలుగు తీగల తంబురా, మూగబో! మూడు తీగల కిన్నెరా, మూగబో!" ఆ తరవాత వేణువులు, మద్దెలలు, డప్పులు, శంఖాలు. పొద్దు గుంకేలోపు రాజ్యంలో మోగే వస్తువంటూ లేకుండా పోయింది. వీణ మీటితే ఎండుకట్టెను గోకిన చప్పుడు. మద్దెల కొడితే ధాన్యపు బస్తా మీద కొట్టిన చప్పుడు.

పాట పోతే పోయింది, ప్రాణాలు దక్కితే చాలుననుకోవడానికి కూడా వీలులేదు. ఆ నగరానికి తాగునీరు ధ్వనిమతి నది. అది గంధర్వగుట్ట కడుపులో పుట్టి, అక్కడి రాతిద్వారం వెనక ఏడాదంతా నిండుతుంది. ద్వారానికి ఏడు రాతిసింహాలు. చైత్రంలో ఆస్థాన వైణికులు వెళ్ళి తోడి రాగం వాయిస్తే, ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క సింహం నోరు తెరుస్తుంది. ఏడూ తెరిస్తే ద్వారం తొలగి నది ఊరికి వచ్చి ఏడాదికి సరిపడా చెరువులు నింపుతుంది, ఆపైన ద్వారం మళ్ళీ దానంతటదే మూసుకుంటుంది. గొంతు ఎంత మధురంగా ఉన్నా ఆ రాళ్ళు కరగవు. తీగ మీద పుట్టిన నాదానికే కదులుతాయి. తీగలన్నీ మూగబోయాక ద్వారం ఎవరు తెరుస్తారు?

"నలభై రోజులు గడువు! ఈలోగా మీ రాజు కిరీటం తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాలి. లేదా అందరూ నాలుకలు పిడచగట్టుకుని చావండి!" అని మౌనభైరవుడు గుట్టకు వెళ్ళిపోయాడు. పోతూపోతూ ఆస్థాన వైణికులందరినీ చెరపట్టుకుపోయాడు. వాళ్ళలో పెద్దదైన వాగీశ్వరమ్మను మాత్రం వదిలేశాడు. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి చచ్చుబడింది. ఆమెతో తనకేం ముప్పు అనుకున్నాడు.

అక్కడే పొరపడ్డాడు.

రాజుగారి ఆయుధశాలలో వింటినారులు పేనే సోమిలుడనే యువకుడున్నాడు. కిందటేడు తుఫానులో పగిలిన ఓడ నుంచి అతడు ఒక పరదేశి నావికుణ్ణి ఒడ్డుకు ఈడ్చుకొచ్చి బతికించాడు. ఆ నావికుడు వెళ్తూ వెళ్తూ కన్నీళ్ళతో తన వాద్యాన్ని అతని చేతుల్లో పెట్టిపోయాడు. సొరకాయను నిలువునా చీల్చినట్టున్న చిన్న బుర్ర, మూరెడైనా లేని మెడ, దాని మీద దగ్గర దగ్గరగా మెట్లు, జంటజంటగా ఎనిమిది ఉక్కుతీగలు. దాని పేరు మాండొలిన్. శాపం పడిన మూడోనాడు సోమిలుడు తోచక ఆ తీగ మీద గోరు వేశాడు.

ణింగ్!

ఆ సమయానికి తన విల్లుకు కొత్త నారి ఎక్కించుకోవడానికి రాకుమారి చంపకవల్లి అక్కడే నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాంత్రికుడు తనకు తెలిసిన పేర్లన్నీ చదివాడు. సముద్రం అవతలి నుంచి వచ్చిన ఈ పేరు అతనికి తెలియదు!

"దీన్ని వాయించడం వచ్చా నీకు?" అంది రాకుమారి.

"రాదండీ. తీగ బిగించడం మాత్రమే వచ్చు."

"చాలు. నడు!"

* * *

పాత గజశాలలో గడ్డిమేట్ల నడుమ వాగీశ్వరమ్మ దగ్గర సోమిలుడి సాధన మొదలైంది. మౌనభైరవుడు ఊరంతా నల్లచిలుకలను వదిలాడు. ఏ శబ్దం విన్నా ముక్కున కరుచుకుపోయి అతని చెవిలో పలికే పాడుపక్షులవి. అందుకే తీగల కింద దూదిపింజలు కుక్కి, పక్కనున్నవాళ్ళకు తప్ప వినపడకుండా వాయించాలి. ఆ వాద్యం పేరు ఎవరూ నోటితో అనకూడదని వాగీశ్వరమ్మ మొదటిరోజే ఆన పెట్టింది. చిలుక వింటే పేరు చేరిపోతుంది. పేరు చేరితే ఇదీ మూగబోతుంది. రాకుమారి తలపాగా చుట్టి, మావటివాడి వేషంలో గుమ్మం దగ్గర కాపలా కాసేది.

వాగీశ్వరమ్మ సుకుమారంగా నేర్పే మనిషి కాదు.

"ఒరేయ్ సోమిలా! ఏమిటా వాయింపు? పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు! కిందికి ఒక దెబ్బ, పైకి ఒక దెబ్బ. రెండూ ఒక్క బరువుండాలి. మళ్ళీ!"

సరళి వరుసలు మూడు కాలాల్లో. జంట వరుసలు మూడు కాలాల్లో. చద్ది తినడానికి కాసేపు విరామం. మళ్ళీ మొదటినుంచి. నారులు పేనీ పేనీ సోమిలుడి కుడిచెయ్యి కాయలు కాచింది కానీ, ఎడమచేతి వేళ్ళకు ఉక్కుతీగ కొత్త. నాలుగోరోజుకు వేళ్ళు చిట్లాయి. ఆరోరోజు మెట్ల మీద నెత్తురు మరకలు. తొమ్మిదోరోజు అతడు మైనం కరిగించి వేళ్ళకు పూసుకుని వచ్చాడు. ఆమె చూసింది. ఆ సాయంత్రం తన బతికున్న చేత్తో అతని వేళ్ళకు వెన్న రాసింది.

పదిహేనో రోజుకు షడ్జమం, రిషభం, మధ్యమం, పంచమం నిలబడ్డాయి. ఇరవయ్యో రోజుకు ధైవతం, నిషాదం లొంగాయి. గాంధారం మాత్రం లొంగలేదు.

"నువ్వు గాంధారం దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నావు నాయనా. తోడిలో గాంధారం నిలబడదు. ఉయ్యాల ఎక్కడ నిలబడుతుందో చెప్పు చూద్దాం? ఇటు రిషభాన్ని తాకాలి, అటు మధ్యమం అంచు దాకా పోయి రావాలి. వీణ మీదైతే తీగ లాగి చూపిస్తాను. ఈ మాయదారి బుర్రకు మెట్లు ఇరుకు, తీగలు బిర్రు. నేనేం చెయ్యను!"

ఆమె కుడిచేత్తో అతని వేలు పట్టుకుని తీగ మీద జరిపేది. గొంతెత్తి, కాదు, గొంతు తగ్గించి, ఆ గమకాన్ని వందసార్లు పాడి వినిపించేది. అతడు వందసార్లు వాయించేవాడు. వందసార్లూ గాంధారం కుంటుకుంటూ వచ్చేది.

ఇరవై ఆరోనాటి ఉదయం సోమిలుడు వాయించడం ఆపి, చెవి తీగల దగ్గర పెట్టి, ఒక్కొక్కటే నెమ్మదిగా మీటి చూశాడు.

"అమ్మగారూ, తప్పు వేలిది కాదండీ. జంటతీగల్లో ఒకటి ఊగేసరికి రెండోది ఊగనంటోంది. ఒకే ఇంట్లో పడని తోడికోడళ్ళలా ఒకటి ఎడ్డెమంటే ఒకటి తెడ్డెమంటోంది."

"అయితే?"

"విల్లుకి రెండు నారులు ఎవరైనా కడతారా అండీ?"

ఆమె వద్దనేలోపు అతడు బిరడాలు తిప్పి, ప్రతి జంటలోనూ ఒక తీగను చరచరా ఊడబెరికేశాడు. ఎనిమిదిలో నాలుగు నేల మీద పడ్డాయి. మిగిలిన నాలుగింటినీ, వింటినారిని సరిచూసే పద్ధతిలో, బొటనవేలితో నొక్కి చూస్తూ కొంచెం సడలించాడు. అప్పుడు వేలు గాంధారం మీద పెట్టి జార్చాడు.

గా... ఆ... ఆ...

స్వరం ఊగింది! తేనె తీగ సాగినట్టు సాగి, అంచు తాకి, వెనక్కి వచ్చి, మళ్ళీ సాగింది. వాగీశ్వరమ్మ కళ్ళు పెద్దవైపోయాయి.

"మళ్ళీ! ఒరే నా తండ్రీ, మళ్ళీ!"

మళ్ళీ వాయించాడు. ఇంకోసారి. రాకుమారి గుమ్మం వదిలి లోపలికి పరుగెత్తుకొచ్చింది. ముసలామె ఒంటిచేత్తో తొడ మీద తాళం చరుస్తోంది. ఆ ఆనందంలో తీగల కింది దూది ఎప్పుడు జారిపోయిందో ముగ్గురిలో ఎవరూ చూడలేదు.

పైన దూలం మీద నల్లగా ఏదో కదిలింది.

"గా... ఆ... ఆ..." అంది నల్లచిలుక. అచ్చు అదే గమకం! రెక్కలు విదిల్చి, కప్పు సందులోంచి తుర్రుమంది. రాకుమారి ఒక్క ఉరుకులో బయటికి వెళ్ళి బాణం వదిలింది. ఒక నల్లటి తోకఈక గిరగిరా తిరుగుతూ నేల మీదికి దిగింది. చిలుక మాత్రం గుట్టవైపు చిన్న చుక్కయిపోయింది.

"పధ్నాలుగు రోజుల సాధన ఇంకా మిగిలుంది," అన్నాడు సోమిలుడు, మొహం పాలిపోయి.

"మిగిలినది దారిలో చేద్దువుగాని," అంది వాగీశ్వరమ్మ, కొంగు బిగించి. "అమ్మా చంపకా, ఏనుగును కట్టించు!"

* * *

గంధర్వగుట్ట ఆమడ దూరం. దారిలో సింగరాతి కనుమ దగ్గర మౌనభైరవుడి భటులు పదిమంది కాపలా. మేఘిని అనే ఆడ ఏనుగు అక్కడికి చేరేసరికి పొద్దు బారెడెక్కింది. ఏనుగు మెడ మీద మావటి వేషంలో రాకుమారి. వీపు మీద దూదిమూటల నడుమ వాగీశ్వరమ్మ, ఆమె పక్కన తలకు గుడ్డ చుట్టి, ఒళ్ళంతా దూదిపీచు అంటించుకున్న సోమిలుడు.

"ఆగండి! ఎవరు మీరు?" అన్నాడు కాపలా నాయకుడు. రాత్రి నిద్ర చాలని మొహం.

"దూది ఏకేవాళ్ళం బాబూ! వీడు నా కొడుకు. గుట్ట మీద అయ్యవారికి పరుపులు కుట్టాలని కబురొస్తే పోతున్నాం," అంది వాగీశ్వరమ్మ.

"ఆ చేతిలోదేమిటి?"

"దూది ఏకే విల్లు బాబూ."

"ఇంత పొట్టి విల్లా?"

"పొట్టిదాంతో ఏకితేనే దిండు మెత్తగా ఉంటుంది. నువ్వేమో గడ్డపారలాంటి దిండు మీద పడుకుంటున్నట్టున్నావు. మెడ పట్టేసినట్టుందే?"

నాయకుడు అప్రయత్నంగా మెడ తడుముకున్నాడు. అతని కళ్ళలో ఆశ మెరిసింది. గుడారంలోకి వెళ్ళి, రాతిగుండులా గట్టిపడ్డ దిండొకటి తెచ్చి సోమిలుడి ముందు పడేశాడు. "ఏదీ, ఏకు చూద్దాం!"

సోమిలుడు ఏనుగు దిగి, చతికిలబడి, దిండు చించి, దూది ఉండలను తీగల్లోకి ఎక్కించాడు. కళ్ళు మూసుకుని జంట వరుసలు అందుకున్నాడు. మూడో కాలం! సస రిరి గగ మమ! పీచు పట్టిన తీగలు బుస్సుబుస్సుమన్నాయే తప్ప మోగలేదు. దూది పింజలు పింజలుగా లేచింది. భటులకు తుమ్ములు మొదలయ్యాయి. నాయకుడి మీసాలు తెల్లబడ్డాయి. ఇన్ని రోజుల సాధన అంతా ఒక దిండు మీద ధారపోసి, చెమటలు కక్కుతూ అతడు ఆపేసరికి, ఎదురుగా మబ్బుతునకలాంటి దూదిగుట్ట.

నాయకుడు అందులో చెంప ఆనించి, "అబ్బ!" అన్నాడు. "పోండి, పోండి. అసలు ఈ తీగలో ఏముందిరా ఇంత మహిమ?"

అంటూనే, వేలితో తీగను లాగి వదిలాడు. దానికి పట్టిన ఆఖరి పీచు అప్పుడే రాలిపోయింది.

ణింగ్!

పదిమంది భటులూ తుమ్మడం మానేశారు. ఇరవై ఆరు రోజులుగా ఆ రాజ్యంలో ఎవరూ వినని చప్పుడది.

"మోగింది!" అని అరిచాడు నాయకుడు. "ఒరే! మోగింది! పట్టుకోండి!"

రాకుమారి మేఘిని చెవి వెనక కాలితో నొక్కింది. ఏనుగు తొండం చాచి సోమిలుణ్ణి నడుముకు చుట్టి, వీపు మీదికి విసిరి, అడ్డుగా కట్టిన వెదురుదడిని అప్పడంలా విరగదొక్కి, ధ్వనిమతి ఎండునదిలోకి దిగి పరుగందుకుంది. వెనక పది గుర్రాలు! ఈటెలు దూదిమూటల్లో కసుక్కుకసుక్కున దిగబడుతున్నాయి. గుండ్రాళ్ళు ఏనుగు కాళ్ళకింద దొర్లుతున్నాయి.

"సోమిలా!" అని కేక పెట్టింది వాగీశ్వరమ్మ. "శ్రుతి చూసుకో!"

"ఏనుగు పరిగెడుతోందండీ!"

"పరుగు దాని పని. శ్రుతి నీ పని!"

అతడు ఎగిరెగిరి పడుతూనే బిరడా తిప్పాడు. షడ్జమం చూసుకున్నాడు, పంచమం చూసుకున్నాడు. ఒక ఈటె చెవి పక్కనుంచి పోయింది. ఆమె తల వంచి, "పంచమం ఇంకో వెంట్రుకవాసి పైకి," అంది.

ముందు నది రెండు బండల నడుమ సన్నబడింది. ఏనుగు దూరాక రాకుమారి దాన్ని గిరుక్కున తిప్పి నిలబెట్టింది. గట్టు మీద నుంచి ఒరిగి ఉన్న ఎండు మద్దిమానును మేఘిని నుదుటితో ఒక్క తోపు తోసింది. ఫెళఫెళమంటూ మాను సందుకు అడ్డంపడింది. ముందు గుర్రం ముందుకాళ్ళెత్తి సకిలించింది. నాయకుడు ఎగిరి ఇసుకలో పడ్డాడు. వాళ్ళు వెనక్కి కూడా చూడలేదు.

* * *

నడినెత్తి మీద సూర్యుడు నిలిచిన వేళకు గంధర్వద్వారం కనపడింది. ఆ అద్భుతాన్ని ఏమని వర్ణించాలి! నల్లరాతి కొండను నిలువునా చెక్కి, నూరు మూరల ఎత్తున నిలిపిన ఒంటిపలక. దాని మీద తీగెలు తీగెలుగా పాకిన లతలు, ఆ లతలకు రాతిపువ్వులు, పువ్వుల మీద వాలిన రాతితుమ్మెదలు. అడుగున వరుసగా ఏడు సింహాలు. జూలు విప్పారి, గోళ్ళు చాచి, నోళ్ళు బిగించి కూర్చున్నాయి. ఇరవై ఆరు రోజుల కిందట ఆ రాళ్ళు చెమ్మగా ఉండేవి. ఇప్పుడు తాకితే కాలిన పెనాలు.

ద్వారం పక్కనున్న గట్టు మీద ఏనుగు ఆగింది. సోమిలుడు దాని వీపు మీదే పద్మాసనం వేసి కూర్చున్నాడు.

షడ్జమం మీటాడు. మొదటి సింహం కళ్ళు తెరిచింది, నోరు తెరిచింది! బిందెడు లావున నీళ్ళు దుమికాయి. మేఘిని ఆనందంతో ఘీంకరించి తొండం చాచింది. రిషభం మీటాడు. రెండో సింహం! రాకుమారి "భళా!" అని అరిచింది.

గాంధారం.

మూడో సింహం కదలలేదు. మళ్ళీ మీటాడు. కదలలేదు. సోమిలుడి వేలు తీగను గట్టిగా అదిమింది. ఊగవలసిన స్వరం బిగుసుకుపోయింది.

అంతలో ఆకాశం నల్లబడింది. రెండు తలల గండభేరుండం రెక్కల గాలికి దుమ్ము సుడులు తిరిగింది. దాని మీద మౌనభైరవుడు! ఎర్రటి కళ్ళు, ఎముకల హారం, చేతిలో నల్లకోల, చుట్టూ మబ్బులా నల్లచిలుకలు.

"ఓహో, వాగీశ్వరమ్మగారా!" అని విరగబడి నవ్వాడు. "గుర్తున్నానా? మూడునెలలు సరళి వరుసలే చెప్పించి, సాధన చెయ్యవంటూ ఇంట్లోంచి వెళ్ళగొట్టారు! ఇవాళ మీ శిష్యుడి చేతిలోది నేను మూగబుచ్చుతాను. ఆరు తీగల రావణహస్తమా, మూగబో!"

కోల పొగ కక్కింది. వాద్యానికేమీ కాలేదు.

"సోమిలా, నా వైపు చూడు," అంది వాగీశ్వరమ్మ. "వాడిని చూడకు. నన్ను చూడు." ఆమె కుడిచెయ్యి గాలిలోకి ఎత్తి, లేని తీగ మీద లేని స్వరాన్ని మెల్లగా ఊపింది. ఇటు, అటు. ఇటు, అటు. "ఊగనీ నాయనా. నువ్వు పట్టుకోకు. దాన్ని ఊగనీ."

"తొమ్మిది తీగల విపంచీ, మూగబో! ఒంటితీగ ఏకనాదమా, మూగబో!"

సోమిలుడు ఊపిరి వదిలి వేలు జార్చాడు.

గా... ఆ... ఆ...

గాంధారసింహం నోరు తెరిచింది! లోపల గుట్ట కడుపులో ఏదో పెళ్ళున విరిగినట్టు వినిపించింది. ముందు రెంటికన్నా రెట్టింపు ధార దూకింది. మౌనభైరవుడి నవ్వు ఆగిపోయింది. పేర్లు వదిలేసి, కోలను గిరగిరా తిప్పి నిప్పులవాన కురిపించాడు. రాకుమారి బాణాల మీద బాణాలు వేసి పక్షిని దగ్గరికి రానివ్వకుండా ఆపింది. దూదిమూట అంటుకుంది. మేఘిని తొండం నిండా నీళ్ళు పీల్చి వీపు మీదికి చిమ్మి ఆర్పేసింది. ముగ్గురూ నిలువునా తడిశారు.

"తడిసిన తీగ కిందికి దిగుతుంది, చూసుకుని వాయించు!" అని అరిచింది వాగీశ్వరమ్మ.

మధ్యమం! నాలుగో సింహం. పంచమం! ఊగకుండా, స్తంభంలా నిలబెట్టాడు. ఐదో సింహం. ధైవతానికి వేలు వేశాడో లేదో, టప్పుమని తీగ తెగి చెంప మీద వాత పెట్టింది.

"అయిపోయింది అమ్మగారూ! తెగింది!"

"పక్క తీగ లేదూ? మెడ మీద ఇంకా పైకి పో! ఇంకా పైకి! అక్కడా ఉంటుంది ధైవతం!"

ఎన్నడూ వేలు పెట్టని చోటికి, మెట్లు చీమల బారులా ఇరుకైపోయే చోటికి, అతని చిటికెనవేలు పాకింది. ఒకసారి తప్పింది. రెండోసారి దొరికింది. ధైవతం! ఆరో సింహం!

అప్పుడే సముద్రం వైపు నుంచి ఒక నల్లచిలుక రొప్పుతూ వచ్చింది. రేవులో పరదేశి ఓడ తెరచాప చాటున పొంచి ఉండి విన్న మాటను గొంతు చించుకుని అరిచింది. "మాండొలిన్! ఎనిమిది తీగల మాండొలిన్!"

రాకుమారి చేతిలో బాణం జారిపోయింది.

మౌనభైరవుడు రెండు చేతులా కోల ఎత్తాడు. కొండలు దద్దరిల్లేలా గర్జించాడు. "ఎనిమిది తీగల మాండొలిన్! మూగబో!"

నల్లటి పొగ సుడిలా వచ్చి సోమిలుణ్ణి, వాద్యాన్ని, ఏనుగును కమ్మేసింది. ఏమీ కనపడలేదు. ఆరు ధారల హోరు తప్ప ఏమీ వినపడలేదు.

ఆ పొగలోంచి, సన్నగా, స్పష్టంగా, నిషాదం పలికింది.

"లెక్క తప్పావురా భైరవా!" అని వాగీశ్వరమ్మ పకపకా నవ్వింది. ఆ వయసులో ఆమె అంత గట్టిగా నవ్వగలదని ఎవరూ అనుకోరు. "నాలుగు తీగలు వీడు పీకేశాడు, ఒకటి తెగిపోయింది. మెట్లెక్కి తోడి పలికే ఈ మూడు తీగల పిల్లకి ఇంకా పేరే పెట్టలేదు! పెట్టినప్పుడు బారసాలకి పిలుస్తాలే!"

ఏడో సింహం నోరు తెరిచింది. ఒంటిపలక ద్వారం ఉరుములా గర్జిస్తూ పక్కకు దొర్లింది. ఏడాదిపాటు కొండ కడుపులో నిలిచిన ధ్వనిమతి, తెల్లటి నురుగు జూలు విదిల్చుకుంటూ బయటికి లంఘించింది. నీటి తొలిదెబ్బ గండభేరుండం రెక్కకు తగిలింది. రెండు తలలూ రెండు దిక్కులకు కేకలు పెట్టాయి. మౌనభైరవుడు కోలతో సహా నదిలో పడి, మునిగి, తేలి, మలుపు దగ్గర కనుమరుగయ్యాడు. నల్లచిలుకలు గోలగా అతని వెంట పోయాయి. గుట్ట మీద కాపలా చెదిరి, చెరలోని ఆస్థాన వైణికులు కేరింతలు కొడుతూ బయటికొచ్చారు. దూరాన వల్లకీపురం కోట మీద నుంచి వేలాది గొంతుల కేక గాలిలో తేలివచ్చింది. నీళ్ళు కనపడ్డాయి వాళ్ళకు!

రాకుమారి తలపాగా తీసి గాల్లోకి విసిరింది. సోమిలుడు వాద్యాన్ని గుండెకు హత్తుకుని నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు, ఏది ఏదో తెలియడం లేదు.

"ష్!" అంది వాగీశ్వరమ్మ.

తెరిచిన ద్వారం లోపల, నీళ్ళకు పైన, కొండ గోడను ఆనుకుని వెడల్పాటి మెట్లదారి చీకట్లోకి పోతోంది. ఆ చీకటి లోతుల్లోంచి ఏదో వినిపించింది. శాపం ఆ రాతిలోపలికి చేరలేదో ఏమో, ఎవరో తీగ మీటుతున్నారు. సోమిలుడు వాయించిన గాంధారానికి జవాబుగా, అదే గాంధారం. కానీ అది ఇంకా నెమ్మదిగా, ఇంకా లోతుగా, అంచు దాటి ఒక చిన్న మెలిక తిరిగి వెనక్కి వస్తోంది.

ముసలామె చెయ్యి ఏనుగు తాడును బిగించి పట్టుకుంది.

"ఎవరండీ అది?" అన్నాడు సోమిలుడు.

"చివర ఆ మెలిక విన్నావా? లోకంలో ఒక్కడే వేసేవాడు. వద్దు, సంప్రదాయం కాదని నేను జీవితమంతా పోట్లాడాను." ఆమె చీకట్లోకి తొంగిచూసింది. "మా ఇంటాయన. పద్దెనిమిదేళ్ళ కిందట ఈ ద్వారం తెరవడానికి వచ్చి తిరిగి రాలేదు. నీళ్ళలో కొట్టుకుపోయాడన్నారు. కర్మ కూడా చేసేశాం."

గాంధారం మళ్ళీ వినిపించింది. ఈసారి మధ్యలో ఆగిపోయింది, ఎవరో వాయించే చేతిని పట్టుకుని ఆపినట్టు.

అదే క్షణంలో షడ్జమసింహం నోరు నెమ్మదిగా మూసుకోవడం మొదలుపెట్టింది. ద్వారపు పలక గరగరమంటూ కదిలింది.

"తల్లీ, లోపలికి పోనీ!" అంది వాగీశ్వరమ్మ.

"గురువుగారూ, తిరిగి ఎలా వస్తామో..."

"ఇద్దరు వాయించేవాళ్ళు లోపలుంటే తలుపు తెరుచుకోదూ? పోనీ అన్నానా!"

రాకుమారి కాలితో నొక్కింది. మేఘిని తల వంచి, హోరెత్తే నీటికి ఎదురుగా ఒక్క ఊపున మెట్లదారి ఎక్కి చీకట్లోకి దూకింది. వాళ్ళ వెనక పలక మూసుకున్న చప్పుడుకు కొండంతా కదిలింది. వెలుగు ఆరిపోయింది.

"సోమిలా," అంది చీకట్లోంచి వాగీశ్వరమ్మ, "ఆయన ఆపిన చోటి నుంచి అందుకో."

సోమిలుడు మూడు తీగల మీద వేలు పెట్టాడు.